యూరప్ ఐక్యతను తేల్చాలంటే ఓట్లు కాదు, మినహాయింపులు చూడండి

విదేశాంగ విధానంలో యూరప్ దేశాలు నిజంగా ఒక్క మాట మీద ఉంటాయా, దాన్ని ఎలా అంచనా వేయాలి అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక యూరప్ బ్యాంకు ఆఫీసులో ఆంక్షల విభాగంలో పనిచేస్తున్నాను. యూరోపియన్ యూనియన్ (ఈయూ) కేంద్రమైన బ్రస్సెల్స్‌లో కొత్త ఆంక్షలు పాసైతే ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు. కాబట్టి నాది కాస్త గుమాస్తా చూపు.

చాలామంది ఐక్యరాజ్యసమితి ఓట్లు చూసి తేల్చేస్తారు. అలా చూస్తే మార్కులు రావు. 2023 అక్టోబర్ 27న గాజా తీర్మానంపై ఈయూలోని 27 దేశాల్లో 8 అవునన్నాయి, 4 కాదన్నాయి, 15 తటస్థంగా ఉండిపోయాయి. 2003లో ఇరాక్ యుద్ధం విషయంలోనూ ఇదే వరస: బ్రిటన్, స్పెయిన్ సై అంటే ఫ్రాన్స్, జర్మనీ ససేమిరా అన్నాయి.

కానీ ఓటు వేస్తే పైసా ఖర్చు కాదు. జేబుకు చిల్లు పడేచోట ఏం చేస్తారన్నదే నేను చూస్తాను. 2022 ఫిబ్రవరి 23 నుంచి 28 లోపు రష్యాపై మూడు విడతల ఆంక్షలు వచ్చిపడ్డాయి. అదే చమురు దగ్గరికొచ్చేసరికి మే 4న పెట్టిన ప్రతిపాదన జూన్ 3కి గానీ తెమల్లేదు. పైప్‌లైన్ చమురును వదిలేశాకే హంగరీ ఒప్పుకుంది. ఏకగ్రీవం కావాలి మరి, ఒక్కరు అడ్డం తిరిగితే బండి కదలదు. పైగా ఈ ఆంక్షల్ని ఆరు నెలలకోసారి పొడిగించాలి. ఆ వారాల్లో మా ఫ్లోర్ అంతా టెన్షనే. 2025 మార్చిలో హంగరీ పట్టుబడితే కొన్ని పేర్లు ఆంక్షల జాబితాలోంచి తీసేశారు. అయినా 2014లో క్రిమియా గొడవతో రష్యాపై తొలి ఆంక్షలు మొదలైనప్పటి నుంచి 2025 దాకా ఒక్క గడువూ మురిగిపోలేదు. ఇదేం చిన్న సంగతి కాదు.

అసలు లొసుగంతా అమలులో ఉంది. చట్టం అందరికీ ఒకటే, 24 భాషల్లో అచ్చవుతుంది. అమలు మాత్రం ఏ దేశానికి ఆ దేశమే చూసుకోవాలి. ఆంక్షల కింద స్తంభింపజేసిన ఖాతాలోంచి లాయరు ఫీజు కట్టాలన్నా ఆ దేశపు అధికారుల అనుమతి కావాలి. ఒకే కస్టమర్, ఒకే కాగితాలు, రెండు దేశాలకు పంపాం. ఒకచోట కొన్ని వారాల్లో అనుమతి వచ్చేసింది. రెండోచోట ఇన్వాయిస్‌కు అనువాదం అడిగారు, అనువాదానికి నోటరీ అడిగారు, ఆ తర్వాత లాయరు ఎవరో రుజువు చేయమన్నారు. ఫైలు నెలల తరబడి హోల్డ్‌లోనే. ఇక ఉల్లంఘిస్తే శిక్షా? 2024లో ఈయూ దేశాలన్నిటికీ వర్తించే ఉమ్మడి ఆదేశం వచ్చేదాకా అది కొన్ని దేశాల్లో జైలుకు పంపే నేరం, కొన్నిట్లో జరిమానాతో సరి.

అందుకే ఈసారి కొత్త ఆంక్షల ప్యాకేజీ వస్తే హెడ్‌లైన్ వదిలేసి మినహాయింపుల భాగం చదవండి. ఎవరు ఎంత బేరమాడారో అక్కడే బయటపడుతుంది. 2022 చమురు నిషేధంలో హంగరీ గొడవ అందరికీ గుర్తుంది. ఓడల్లో వచ్చే రష్యా ముడిచమురుకు బల్గేరియా 2024 చివరిదాకా గడువు తెచ్చుకున్న సంగతి మాత్రం ఎంతమందికి తెలుసు?