రిపోర్టులో ‘ఎస్’ అని ఉంది.. అయినా పుండు మానడం లేదెందుకు?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా షుగర్ ఉంది. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు పుండు పడి మూడు నెలలవుతోంది. కల్చర్ టెస్టులో స్టెఫైలోకాకస్, సూడోమోనాస్ అని రెండు రకాల బ్యాక్టీరియా వచ్చాయి. రిపోర్టులో ‘ఎస్’ అని, అంటే పనిచేస్తుందని ఉన్న మాత్రలే రెండు కోర్సులు వాడాం. వాడినన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, ఆపగానే మళ్లీ మొదటికొస్తోంది. కట్టు విప్పితే ఆకుపచ్చ మరక కనిపిస్తోంది. సర్జన్ వారం వారం పుండును గీకి శుభ్రం చేస్తానంటున్నారు. అమ్మకు ఆ మాట వింటేనే టెన్షన్. గీకించే బదులు ఇంకా పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ వేయిస్తే పోదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: గీకించండి. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత చెబుతాను. అయితే అంతకుముందు కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూశారా అని సర్జన్‌ను అడగండి. పాదం మీద నాడి అందకపోతే డాప్లర్ పరీక్ష (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయించాలి. రక్తం అందని కాలి మీద కత్తి పెడితే పుండు మానకపోగా పెద్దదవుతుంది.

ఇక మీ చేతిలో ఉన్న రిపోర్టు. అది అబద్ధం చెప్పడం లేదు, కాకపోతే తనను అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబిచ్చింది. చాలా ల్యాబుల్లో ఏం చేస్తారంటే, పుండు నుంచి తీసిన నమూనాలో పెరిగిన ఒక్కో రకం బ్యాక్టీరియాను విడదీసి, అగార్ ప్లేటు (బ్యాక్టీరియాకు తిండిగా జెల్లీ పోసిన పళ్లెం) మీద పలచగా పరుస్తారు. దాని మీద మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెట్టి రాత్రంతా ఉంచుతారు. పొద్దున బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం ఎంత వెడల్పుందో కొలిచి ‘ఎస్’ అనో ‘ఆర్’ (మందుకు లొంగదు) అనో వేస్తారు. అంటే ఒంటరిగా, తిండికి లోటు లేకుండా పెరుగుతున్న బ్యాక్టీరియా మీద చేసిన పరీక్ష అది. మీ అమ్మగారి పాదంలో ఉన్నది అలాంటి ఒంటరి బ్యాక్టీరియా కాదు.

మానని పుండ్లలో బ్యాక్టీరియా గుంపుగా చేరి, తమ చుట్టూ తామే జిగురు పోసుకుని అందులో కాపురం పెడతాయి. దీన్ని బయోఫిల్మ్ అంటాం. పుండు మీద మీకు కనిపించే పసుపుపచ్చ పొర అదే అనుకోకండి. అందులో ఎక్కువ భాగం చచ్చిన కణజాలమే. దాన్ని ఆసరా చేసుకుని కంటికి కనిపించకుండా ఉండేది బయోఫిల్మ్. మనందరికీ తెలిసిన బయోఫిల్మ్ ఒకటుంది. పొద్దున లేవగానే నాలుకకు తగిలే పళ్ల పాచి. 1683లో లీవెన్‌హుక్ అనే డచ్చి వ్యాపారి తన పళ్ల పాచినే గీకి, సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూసి, కదులుతున్న జీవులను లెక్కలేనన్ని కనుక్కున్నాడు. పాచి ఎంత మంచి మందుతో పుక్కిలించినా పోదు, తోమాల్సిందే. మీ సర్జన్ అంటున్నదీ అదే.

ఆ జిగురు లోపల ఇవి పంచుకుని బతుకుతాయి. ఉదాహరణకు పెన్సిలిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైము కొన్ని బ్యాక్టీరియాకు ఉంటుంది. 1940లోనే, పెన్సిలిన్ ఇంకా జనం చేతికి రాకముందే, అబ్రహాం, చైన్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి ఎంజైమును గుర్తించారు. ఒక రకం దాన్ని తయారుచేస్తే చాలు, చుట్టుపక్కల మందు విరిగిపోతుంది. ఆ ఎంజైము లేని పక్కింటి బ్యాక్టీరియా కూడా బతికిపోతుంది. ల్యాబ్ ప్లేటు మీద విడిగా పెడితే మాత్రం దానికి ‘ఎస్’ వస్తుంది. 2010లో బోస్టన్‌లో జేమ్స్ కాలిన్స్ బృందం ఇంకో విచిత్రం చూపించింది. మందుకు లొంగని కొద్దిపాటి ఈ.కోలై అనే బ్యాక్టీరియా కణాలు, తమ ఎదుగుదల కొంత తగ్గినా సరే, ఇండోల్ అనే పదార్థాన్ని బయటికి వదిలి మిగతా గుంపును మందు దెబ్బ నుంచి కాపాడాయి.

కట్టు మీద ఆకుపచ్చ మరక గురించి రాశారు. అది సూడోమోనాస్ రంగు. దానికి పులిసిన ద్రాక్షపళ్ల లాంటి వాసన కూడా ఉంటుంది, డ్రెస్సింగ్ గదిలో పనిచేసే సిస్టర్లు కట్టు విప్పకముందే పసిగట్టేస్తారు. ఆ రంగులో కొంత భాగం పయోవెర్డిన్ అనే పదార్థానిది. మన శరీరం ఇనుమును బ్యాక్టీరియాకు చిక్కకుండా దాచిపెడుతుంది. సూడోమోనాస్ పయోవెర్డిన్‌ను బయటికి వదిలి ఆ ఇనుమును లాక్కుంటుంది. ఇనుము పట్టుకున్న పయోవెర్డిన్‌ను తయారుచేసిన కణమే కాదు, పక్కన ఉన్న ఏ కణమైనా వాడుకోవచ్చు. ఊరుమ్మడి చెరువు లాంటిదన్నమాట. మరి కష్టపడి తయారుచేయడం ఎందుకు, పక్కవాడిది వాడుకుంటే పోలా? సరిగ్గా ఈ ప్రశ్ననే 2004లో గ్రిఫిన్, వెస్ట్, బక్లింగ్ అనే ముగ్గురు సూడోమోనాస్ మీద ప్రయోగం చేసి చూశారు. పయోవెర్డిన్ చేయకుండా వాడుకునే రకాన్ని, చేసే రకాన్ని కలిపి పెంచారు. దగ్గరి బంధువులు ఒకచోటే ఉన్నప్పుడు పంచుకునే గుణం నిలబడింది. అన్నీ కలగాపులగమైనప్పుడు సోమరివాటాగాళ్లు పెరిగారు. పుండులోని జిగురులో కణాలు కదలకుండా పుట్టినచోటే ఉంటాయి కాబట్టి పక్కన ఉండేవి ఎక్కువగా ఒక్క తల్లి పిల్లలే. అందుకే అక్కడ సహకారం అంత తేలిగ్గా చెదరదు.

ఎలుకల కాలిన గాయాల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి సోమరి రకాలు కలిసిన ఇన్ఫెక్షన్ తీవ్రత తగ్గింది. చదవడానికి ఆసక్తిగా ఉంటుంది కానీ, ఆ దారిలో మీ అమ్మగారికి ఇవ్వగల మందు మాత్రం లేదు.

(కలిసి బతకడం చెడ్డ బ్యాక్టీరియా విద్య మాత్రమే కాదు లెండి. కంపెనీలు యోగర్ట్ తయారీలో వాడే రెండు రకాల్లో ఒకటి పాలలోని ప్రొటీన్‌ను ముక్కలు చేసి రెండోదానికి ఇస్తే, రెండోది ఫార్మిక్ ఆమ్లం ఇచ్చి బాకీ తీరుస్తుంది.)

ఇంకో చిన్న సంగతి. గుంపులో కొన్ని కణాలు నిద్రలో ఉన్నట్టు ఎదగడం మానేస్తాయి. ఎదిగే కణాన్ని చంపే మందు వాటినేం చేయలేదు. కోర్సు ఆపాక ఇవే లేస్తాయి. మీరు చూస్తున్న ‘ఆపగానే మళ్లీ మొదలు’లో వీటి పాత్ర ఉండొచ్చు.

ఇప్పుడు పవర్‌ఫుల్ మందు సంగతి. జిగురు అలాగే ఉండగా దాని మీద ఎంత ఖరీదైన ఇంజెక్షన్ పోసినా పై వరస చస్తుంది, లోపలిది మిగులుతుంది. పైగా మిగిలినవాటిలో మందుకు లొంగనివే ఎక్కువ. గీకినప్పుడు ఆ కాపురం చెదురుతుంది, కానీ రెండు మూడు రోజుల్లోనే మళ్లీ కట్టుకోవడం మొదలుపెడుతుంది. అందుకే వారం వారం. చుట్టూ ఎర్రదనం, వాపు, వేడి, చీము లాంటి లక్షణాలు ఉంటేనే యాంటీబయాటిక్ కావాలి. చర్మం, కండ వరకే ఇన్ఫెక్షన్ ఉంటే సాధారణంగా ఒకటి రెండు వారాలు చాలు. ఏ లక్షణమూ లేని పుండు నుంచి కల్చర్ పంపినా ఏదో ఒక బ్యాక్టీరియా వస్తుంది, దాన్ని చూసి మందు మొదలుపెట్టకూడదు. మళ్లీ కల్చర్ పంపాల్సి వస్తే, పైన దూదితో అద్దింది కాకుండా, శుభ్రం చేశాక లోపలి ముక్కను పంపమనండి.

మూడు నెలలైంది కాబట్టి ఎముక కూడా చూడాలి. సన్నని స్టీలు పుల్లతో పుండు లోపల తడిమినప్పుడు గట్టిగా ఎముక తగిలితే అనుమానించాలి. ఎక్స్‌రే తీయించండి. మొదటి రెండు మూడు వారాల్లో మార్పు కనిపించకపోవచ్చు కాబట్టి పాత ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు. ఎముకకు పాకితే మందు ఆరు వారాల దాకా కూడా వాడాల్సి రావొచ్చు.

అమ్మగారి భయం గురించి. పద్నాలుగేళ్ల షుగర్‌తో చాలామందికి పాదంలో స్పర్శ తగ్గిపోతుంది, గీకినా పెద్దగా తెలియదు. తెలిస్తే మత్తు సూది ఇస్తారు. నిజానికి పుండు పడిందీ ఆ స్పర్శ లేకే. బొటనవేలి మొదట్లో పడిందంటే నడిచినప్పుడల్లా బరువు అక్కడే పడుతోందన్నమాట. ఆ బరువు తీయకుండా వారానికోసారి గీకినా, కోర్సుల మీద కోర్సులు వాడినా దండగే. మోకాలి కింద వరకు వేసే కాంటాక్ట్ కాస్ట్ (బరువు ఒక్కచోటే పడకుండా పంచే పిండికట్టు) కానీ, ప్రత్యేకమైన బూటు కానీ అడగండి. ఇన్ఫెక్షన్ బాగా ఉన్నా, రక్తం సరిగ్గా అందకపోయినా కాస్ట్ వేయరు, అప్పుడు వేరే పద్ధతి చెబుతారు. మా ఓపీలో నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. బయటికి వెళ్లేటప్పుడు బూటు వేసుకుంటారు, వంటింట్లోకీ దేవుడి గదిలోకీ మాత్రం వట్టికాళ్లతో తిరుగుతారు. రోజులో ఎక్కువ అడుగులు పడేది అక్కడే. ఇంట్లోకి విడిగా ఒక జత పెట్టించండి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు పుండు మీద వేయొద్దు.

జ్వరం, చలి, ఎర్రదనం పైకి పాకడం, వేలు నల్లబడటం, షుగర్ ఉన్నట్టుండి పెరగడం.. వీటిలో ఏది కనిపించినా డ్రెస్సింగ్ రోజు వరకు ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే విజిట్‌కు ఆమె ఇంట్లో రోజూ వేసుకునే పాత చెప్పులుంటే అవి కూడా పట్టుకెళ్లండి. ఎక్కడ అరిగాయో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో సర్జన్‌కు అర్థమవుతుంది.