పర్లాకిమిడి నుంచే ప్రపంచ టెక్ మహిళలతో కలిసి పనిచేయొచ్చా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో బీటెక్ పూర్తిచేసిన మీ చెల్లెలు ఊరు కదలకుండా విదేశాల్లోని టెక్ మహిళలతో కలిసి పనిచేయగలదా అని అడిగారు. తప్పకుండా చేయగలదు.

ముందు అవుట్‌రీచీ చూడమనండి, ఇది ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుల్లో ఇచ్చే ఇంటర్న్‌షిప్. 2006లో లినక్స్ కంప్యూటర్లకు డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టు మహిళల కోసం మొదలుపెట్టిన ప్రయత్నమే ఇలా ఎదిగింది. సాధారణంగా ఏటా రెండు విడతలు, మూడేసి నెలలు, ఇంటి నుంచే పని. మెంటర్ తోడుంటారు, 7,000 డాలర్ల స్టైపెండ్ ఇస్తారు. రెజ్యూమె అడగరు, తొలి దరఖాస్తులో కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయాలి, అది ఆమోదం పొందాక ప్రాజెక్టుకు చేసిన పని చూసి ఎంపిక చేస్తారు. ఇంగ్లిష్ టెన్షన్‌తో ఈ దరఖాస్తు దశలోనే మన అమ్మాయిలు వెనక్కి తగ్గడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. మాటలు ఎక్కువగా రాతలోనే సాగుతాయి కాబట్టి, నిదానంగా ఆలోచించి రాయొచ్చు.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వస్తే, అది వాడే మహిళల అంతర్జాతీయ బృందం పైలేడీస్ ఉంది, 2011లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. మీ చెల్లెలికి తెలుగు, ఒడియా రెండూ వచ్చు కాబట్టి, వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ అనువాదంతో ఈ వారమే మొదలుపెట్టమనండి.