తోటి వేటగాళ్లకు కనబడాలని ఆరెంజ్ జాకెట్ వేసుకున్నా వేటలో మనుషుల్ని జింకలనుకుని ఎలా కాలుస్తారు?

చూపు సరిగ్గా లేక కాలుస్తారని అందరూ అంటారు, నేనొప్పుకోను. కళ్లు బాగానే ఉంటాయి, కుదురు లేనిది బుర్రకే. చీకటితో లేచి చలిలో గంటలకొద్దీ కదలకుండా కూర్చున్నవాడికి పొద కాస్త కదిలితే చాలు, మిగతా జింకను బుర్రే గీసేసుకుంటుంది.

ఓసారి మా జట్టులో ఒకాయన నా పక్కనే కూర్చున్నాడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఎదురుగా పొదల వెనక గోధుమరంగుది ఏదో వంగింది, కాస్త లేచింది, మళ్లీ వంగింది. ఆయన రైఫిల్ ఎత్తేశాడు, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ తీసిన టిక్కుమనే చప్పుడు నాకు వినబడింది. "కొమ్ములు కనబడుతున్నాయండీ" అని గుసగుస. బైనాక్యులర్లలో చూస్తే అవి ఎండుకొమ్మలు. తల లేదు, కాళ్లు లేవు. భుజం పట్టుకుని "ముందు తలెక్కడుందో చూపించండి" అన్నా. "ఈలోగా అది పోతుంది" అని విసుక్కున్నాడు. కాసేపటికి అది రెండు కాళ్ల మీద లేచి నిలబడింది, మావాడే, బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆరెంజ్ జాకెట్ వేసుకునే ఉన్నాడు, కానీ దాని మీద వీపంతా కప్పేసేలా గోధుమరంగు బ్యాగు. పక్కాయన ఆ రోజు మళ్లీ తుపాకీ ముట్టలేదు.

1988లో అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఒకావిడ తెల్ల చేతితొడుగులతో సొంత ఇంటి వెనక నిలబడితే తెల్లతోక జింక అనుకుని కాల్చి చంపారు. కాల్చినవాణ్ణి జ్యూరీ నిర్దోషి అంది. ఆ గొడవ తర్వాతే అక్కడ చట్టంలో రాసుకున్నారు, జంతువు తల, మొండెం అడ్డం లేకుండా కనబడితేనే కాల్చాలని, చప్పుడు విని కాల్చడం కుదరదని.

ఆరెంజ్ వద్దనను. జింకకు ఆ రంగు మనకు కనబడినట్టు కనబడదు కాబట్టి వేసుకుంటే పోయేదేం లేదు. కానీ 2006లో డిక్ చెనీ, అమెరికా ఉపాధ్యక్షుడిగా ఉంటూనే, కౌజుపిట్ట వెంట తుపాకీ తిప్పుతూ కాల్చింది ఆరెంజ్ వేసుకున్న తోటి వేటగాణ్ణే. ఎగిరేదాని వెంట గొట్టం తిప్పేవాడికి పక్కన ఎవరున్నారో గుర్తుండదు. జింకే అని తేలినా దాని వెనక ఏముందో చూడాలి, రైఫిల్ గుండు కిలోమీటర్లు పోతుంది.

నాకు అస్సలు పడనిది ఇంకోటుంది, స్కోపులో వెతకడం. స్కోపంటే గురి చూసే దుర్భిణి, అది తుపాకీకే బిగించి ఉంటుంది కదండీ, అదేంటో చూద్దామని తిప్పారంటే, అక్కడున్నది మనిషైతే గురి మనిషి మీదే. రైఫిల్‌కి అంతంత పోసేవాళ్లు బైనాక్యులర్ల దగ్గర ఎందుకంత పిసినారితనం చూపిస్తారో నాకర్థం కాదు.

ఇప్పుడు మా జట్టులో ఎవరైనా జింక అనగానే పక్కవాడు "తల ఎటు?" అని అడుగుతాడు. చెప్పలేకపోతే తుపాకీ దించాల్సిందే. ఇది చాదస్తమన్న ఇద్దరు వేరే జట్టు చూసుకున్నారు. సంతోషం.