కక్ష్యలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకునే కెప్టెన్ గురించి

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను, మార్జిన్లలో గీతలు చూసి టెన్షన్ పడకు. వాక్యం నీ చేతిలో బాగానే ఉంది. నది ఒడ్డున ఆ జనం చేపలు ఎండబెట్టుకునే పేరాలో నేనైతే ఒక్క మాట కూడా మార్చను. నా పేచీ అంతా మీ కెప్టెన్‌తోనే.

వేరే గ్రహంమీద, కింద ఊళ్లో జ్వరాలు పాకుతున్నాయి. పైన కక్ష్యలో ఉన్న మనుషుల అంతరిక్ష నౌకలో మందుంది. దిగుదామని డాక్టర్ అంటుంది. 'ఎదగని నాగరికతల్లో వేలు పెట్టకూడదు, నియమం నియమమే' అని కెప్టెన్ అంటాడు. ఊరు ఊరంతా పోతుంది, ఆయన కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తాడు, కథ అయిపోతుంది. చచ్చిపోయింది వాళ్లు, జాలి దక్కింది ఆయనకి. ఇది నాకు మింగుడు పడలేదు.

ఆ నియమం నువ్వు ఎక్కడినుంచి తెచ్చుకున్నావో ఇద్దరికీ తెలుసు. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్‌లోని 'ప్రైమ్ డైరెక్టివ్'. వియత్నాంలో అమెరికా యుద్ధం చేస్తున్న 1960లలో అమెరికా టీవీలో పుట్టిన మాట అది. బలమున్నవాడు 'అంతా మీ మంచికే' అంటూ పరాయి దేశంలో దూరితే ఏమవుతుందో ఆ ప్రేక్షకులు రోజూ వార్తల్లో చూస్తున్నారు. ఆ నియమానికి బరువు అక్కడినుంచి వచ్చింది. పైగా ఆ సీరియల్ రాసినవాళ్లు గడుసువాళ్లు. నియమం పెట్టి, దాన్ని మీరక తప్పని ఇరకాటంలోకి మనుషుల్ని నెట్టేవాళ్లు. అదే కాలంలో, 1964లో, సోవియట్ రచయితలు స్ట్రుగాట్‌స్కీ సోదరులు 'దేవుడిగా ఉండటం కష్టం' అనే నవల రాశారు. భూమినుంచి వెళ్లిన చరిత్రకారుడు మధ్యయుగాల్లో కూరుకుపోయిన ఒక గ్రహంలో మారువేషంలో బతుకుతుంటాడు. చదువుకున్నవాళ్లని వేటాడి చంపుతుంటే చూస్తూ ఊరుకోవాలి. ఆ చూస్తూ ఊరుకోవడం మనిషిని లోపల ఎలా తినేస్తుందన్నదే నవల. అతను ఆ కంపుకొట్టే వీధుల్లోనే తిరుగుతాడు, పైన ఏసీ గదిలో కూర్చోడు. తేడా గమనించావా?

నీ నియమం వెనక ఏ గాయమూ లేదు. ఎవరు పెట్టారు, ఏ ఘోరం జరిగాక పెట్టారు? అలాంటి గాయం ఎలా ఉంటుందో తెలియాలంటే అండమాన్‌లోని ఉత్తర సెంటినల్ దీవి సంగతి తెలుసుకో. 1880లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి మందీమార్బలంతో ఆ దీవిలో దిగాడు. ఒక ముసలి జంటనీ, నలుగురు పిల్లల్నీ పట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌కి తెచ్చాడు. వాళ్లకి జబ్బు చేసింది. పెద్దవాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లల చేతికి కానుకలిచ్చి మళ్లీ దీవిలో దింపేశారు. ఆ పిల్లలు తమవాళ్లకి ఏం చెప్పి ఉంటారో ఊహించు. వాళ్లతోపాటు ఏ జబ్బు ఒడ్డెక్కి ఉంటుందో కూడా.

1974లో డాక్యుమెంటరీ తీయబోయిన బృందంలో దర్శకుడి తొడలో బాణం దిగింది. 1991లో మాత్రం, మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న మానవశాస్త్ర బృందం వెళ్లినప్పుడు, దీవివాళ్లు నడుముల్లోతు నీళ్లలోకి వచ్చి కొబ్బరికాయలు అందుకున్నారు. 1990ల మధ్యలో ప్రభుత్వమే ఆ యాత్రలు ఆపేసింది. 2004 సునామీ తర్వాత బతికున్నారో లేదో చూసి రావడానికి కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వెళ్తే, ఒడ్డున ఒకడు విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డాడు. 2018లో చట్టాన్ని దాటి, మతం చెబుదామని వెళ్లిన ఒక అమెరికా యువకుడు తిరిగి రాలేదు.

మరి 1991 నాటి కొబ్బరికాయల్ని 'తొలి పరిచయం' అనొచ్చా? మన రిజిస్టర్లో తొలి పరిచయమే. వాళ్ల లెక్క 1880నుంచో, ఇంకా ముందునుంచో మొదలై ఉండొచ్చు. ఆ బాణాన్ని కొందరు అనాగరికత అంటారు. నాకైతే అంత సూటి జవాబు ఇంకోటి కనపడదు. దూరంగా ఉండాలన్న నిర్ణయం ముందు తీసుకున్నది ఆ దీవివాళ్లే. ఢిల్లీ దాన్ని గౌరవించడం చాలా ఆలస్యంగా నేర్చుకుంది. నీ కథలో ఆ నది ఒడ్డు జనాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. డాక్టర్ దయ చూపిస్తానంటుంది, కెప్టెన్ వద్దంటాడు. గొడవంతా పైవాళ్ల మధ్యే. దిగాలా వద్దా అన్న ప్రశ్నకి కిందవాళ్ల జవాబు కూడా ఉండాలని నౌకలో ఒక్కరికీ తట్టలేదు, నీకూ తట్టలేదు. నేను నీకు చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే.

ఇక జ్వరం సంగతి. 1858లో బ్రిటిష్‌వాళ్లు అండమాన్‌లో ఖైదీల కాలనీ పెట్టాక అక్కడి ఆదివాసులైన గ్రేట్ అండమానీలు కుప్పకూలింది ఒక్క తుపాకులతోనే కాదు. 1877లో వచ్చిన తట్టు వాళ్లని ఊడ్చేసింది. అక్కడే ఉండే మరో తెగ, జరావాలు, అడవి దాటి మనవాళ్లతో కలవడం మొదలుపెట్టిన కొద్ది కాలానికే, 1999లో, వాళ్లలోనూ తట్టు వచ్చింది. ఏ దురుద్దేశమూ లేని మనిషి ఊపిరి కూడా చాలు, తరతరాలుగా ఆ క్రిమి ఎదురుపడని ఒంట్లో దాన్ని అడ్డుకునే శక్తి ఉండదు. నీ డాక్టర్ మూడో పేజీలోనే హెల్మెట్ తీసేస్తానంటుంది!

అయితే వేరే గ్రహం అంటున్నావు కాబట్టి ఇక్కడ ఇంకో చిక్కుంది. మన వైరస్‌లు మన కణాలకి అలవాటు పడినవి. పూర్తిగా వేరే జీవరసాయనం ఉన్న ఒంట్లో అవి చాలామటుకు ఏమీ చేయలేవు. మరి అలాంటప్పుడు మన మందు మాత్రం ఎలా పనిచేస్తుంది? మందు పనిచేసేంత దగ్గర చుట్టరికం ఉంటే, డాక్టర్ తుమ్మితే ఆ జనం చావడానికీ అది సరిపోతుంది. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకో. రెండోది తీసుకుంటే నీ కథకి అసలైన ప్రాణం వస్తుంది. కాపాడటానికి దిగడం, చంపడానికి దిగడం ఒకే మెట్లమీదుగా జరుగుతాయి. అప్పుడు కెప్టెన్ భయానికి కారణం దొరుకుతుంది, రూల్ బుక్కు చదవక్కర్లేదు.

ఇదంతా విని, 'అయితే జోక్యం చేసుకోకపోవడమే మంచిదన్నమాట' అనుకోకు. ఆదిలాబాద్‌లోని గోండుల ఊరు మార్లవాయి గుర్తుందా? 1940లో కొమరం భీమ్‌ని చంపేశాక, ఆదిలాబాద్ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన మానవశాస్త్రజ్ఞుడు, చూసి రాసుకోవడం ఆయన పని. కానీ అక్కడ చూసి రాసుకునేంత నిమ్మళం ఎక్కడుంది? భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోతున్నాయి, అటవీ శాఖ ఒకవైపునుంచి తోస్తోంది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, భూమి పట్టాలకోసం పట్టుబట్టాడు, గోండీలో చదువు చెప్పే బడులకోసం అక్కడే పంతుళ్లకి శిక్షణ ఇప్పించాడు. అవన్నీ రాజ్యం తరఫున చేసిన పనులే కదా అని ఎవరైనా అడిగితే అదీ న్యాయమైన ప్రశ్నే. కానీ 'నేను జోక్యం చేసుకోను' అని ఆయన రైలెక్కి వెళ్లిపోయి ఉంటే, గోండులు ఎవరి జోక్యమూ లేకుండా మిగిలేవాళ్లు కాదు. వడ్డీవ్యాపారి, ఫారెస్ట్ గార్డు మిగిలేవాళ్లు. మీ కెప్టెన్ తప్పుకున్నాక ఆ కక్ష్యలోకి వచ్చే తర్వాతి నౌక ఎవరిది? గనుల కంపెనీదా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే కథ రెండింతలవుతుంది, నిడివిలో కాదులే.

మాటలో మాట. 1977లో అమెరికా వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన రికార్డులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో తెలుగూ ఒకటి. అంటే మనం ఎవరి అనుమతీ అడక్కుండా ఆకాశంలోకి నమస్తే చెప్పి కూర్చున్నవాళ్లమే. తెలుగులో ఈ రకం కథ రాసేవాడికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఉంటుందా? నాకు ఓపిక లేక వదిలేశాను, కావాలంటే తీసుకో.

ఇప్పుడు పని చెబుతాను. నౌకలో జరిగే మొదటి నాలుగు పేజీలు తీసెయ్. చేపలు ఎండబెట్టే ఆ పెద్దావిడ దగ్గర మొదలుపెట్టు. రాత్రిళ్లు కదలని చుక్క ఒకటి కొత్తగా వచ్చిందని ఆమెకి తెలియాలి. ఆకాశాన్ని చూసి బతికేవాళ్లకి అది తెలియకుండా పోదు. దాని గురించి ఊళ్లో రెండు వాదనలుండాలి. వాళ్ల తాతల కాలంలో ఒకసారి అలాంటి చుక్క వచ్చి దిగి ఉంటే ఇంకా మంచిది. భాషని నిమిషంలో తర్జుమా చేసేసే ఆ పెట్టెని పారెయ్, అది ఉన్నంతకాలం ఎవరూ ఎవరినీ అపార్థం చేసుకోలేరు. కెప్టెన్‌ని ఏడవనివ్వకు. ఇన్ని మార్చాక కూడా నీ ముగింపే సరైనదనిపిస్తే ఉంచుకో, నాతో వాదించు, వింటాను.

సంక్రాంతి దాటాక పంపు, ఈలోపు కళ్ల ఆపరేషన్ ఉంది. అక్షరాలు కాస్త పెద్ద సైజులో పెట్టి ప్రింట్ తీయించు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య