మామ్మ పెరడు గురించి రాసిన అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా పోతోంది, మాటల్లో తడి ఉంది. అందుకే కొంచెం గట్టిగా చెప్పబోతున్నాను. చెయ్యి తిరగనివాళ్ళకయితే ఇంత పొడుగు ఉత్తరం రాయను.

ముందు కాయల సంగతి. ఒకే మధ్యాహ్నం నువ్వు మామిడిపండు కోశావు, సీతాఫలం కోశావు, నేరేడుపళ్ళు ఒళ్ళో ఏరుకున్నావు. మామిడి ఎండల్లో వస్తుంది. నేరేడు తొలకరి రోజుల్లో రాలుతుంది. సీతాఫలం దసరా దగ్గరపడితే గాని కళ్ళు విచ్చదు. ఈ మూడూ ఒకే బుట్టలో పడాలంటే మీ పెరట్లో ఏదో మహత్యం ఉండాలి! చిన్న పొరపాటే కదా అంటావేమో. చెట్టు తెలిసినవాడు సరిగ్గా అక్కడే నిన్ను నమ్మడం మానేస్తాడు. ఆ తర్వాత మామ్మ గురించి ఎంత నిజం రాసినా అతనికి ఎక్కదు. ఏ నెలలో వెళ్ళావో ముందు తేల్చుకో. కార్తీకమయితే జామ ఉంటుంది, ఉసిరి ఉంటుంది, సీతాఫలం ఆఖరి కాయలు ఉంటాయి. మామిడి చెట్టుకు ఆకులే. ఆ ఆకుల కింద నిలబడి ఎండాకాలం సెలవులు గుర్తు తెచ్చుకో, ఎవరూ కాదనరు.

పనస దగ్గర ఇంకా ఇబ్బంది పెట్టావు. ‘కొమ్మ చివర నుంచి తుంచాను’ అన్నావు. పనస మానుకే కాస్తుంది, లావు కొమ్మలకు కాస్తుంది, ఒక్కోసారి మొదట్లో నేలకు ఆనుకుని కూడా. తుంచితే రాదు, కత్తి పడాలి. కోసిన చోట పాలు కారతాయి. అవి అంటుకుంటే సబ్బుకు వదలవు, అందుకని కత్తికీ చేతులకీ నూనె రాసుకుంటారు. మీ మామ్మ ఏ నూనె రాసుకునేది? లేతకాయ పొట్టు కొట్టి ఆవ పెట్టేదా, పండనిచ్చి తొనలు తీసేదా? పిక్కలు ఎండబెట్టి దాచేదా, నిప్పుల్లో కాల్చి ఇచ్చేదా? ఇన్నింటినీ నువ్వు ‘ప్రేమగా పెట్టేది’ అన్న ఒక్క ముక్కతో తేల్చేశావు.

అసలు పేచీ ఇక్కడే. నీ వ్యాసంలో మామ్మకి పెట్టడం తప్ప వేరే పని లేదు. పళ్ళు ఇస్తుంది, నవ్వుతుంది, చివరి పేరాలో పోతుంది. ఆవిడకి ఆ పెరడు ఏమిటి? పెరట్లో కాయ అమ్మిన డబ్బు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ సొంత డబ్బు, మగవాళ్ళ లెక్కలోకి రాదు. ఆవిడ అమ్మేదా? బేరగాడు చెట్టు చూసి కాయ మొత్తానికి ధర కట్టేవాడా, ఆవిడ కాయకింత అని నిలబడేదా? గోడ దాటిన కొమ్మ గురించి పక్కింటివాళ్ళతో మాటామాటా వచ్చిందా? జామకాయలు దొంగిలించిన పిల్లల్ని ఏమని తిట్టేది? ఆ తిట్టే మామ్మ నాకు కావాలి. నవ్వే మామ్మలు మన పత్రికల్లో ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఇవన్నీ నీకు గుర్తుండవు, చిన్నపిల్లవి. గుర్తున్నవాళ్ళను పట్టుకో. పక్కింటి ముసలావిడ ఉంది. దోటికి అందని కాయలు చెట్టెక్కి దింపిన మనిషి ఎవరో ఉండే ఉంటాడు, కొండమీది సవర గిరిజనుల ఊరివాడేమో. నీ వ్యాసంలో కాయలు వాటంతటవే దిగొచ్చాయి గాని, ఆ మనిషి కనపడడు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెబుతూ, తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర సవర భాష నేర్చుకున్నారు. పంతులే శిష్యుడై కూర్చున్నాడు. నువ్వూ అలా కూర్చో. ఫోన్ రికార్డింగ్ పెట్టి ఎదురుగా కూర్చుంటే మాత్రం మనుషులు టెన్షన్ పడి సర్దుకుని మాట్లాడతారు. వాళ్ళతో పాటు చింతకాయలు కొడుతూనో చిక్కుడుకాయలు ఒలుస్తూనో అడుగు.

ఇంకొకటి. ‘కాలం తోటను మింగేసింది’ అని రాశావు. కాలం కాదమ్మా, తిత్లీ తుఫాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీద పడింది. పెద్ద చెట్టు పడితే దాని నీడ పోతుంది, ఎండ నేలకు తగులుతుంది, మరుసటి వానకే వయ్యారిభామ కలుపు నడుం ఎత్తు లేస్తుంది. పడిపోయినా ఒక పక్క వేరు మట్టిలో మిగిలిన చెట్టు అడ్డంగానే చిగురేస్తుంది. మీ పెరట్లో అలాంటిది ఉందేమో చూడు. అడవిలా అయింది అని ఊరుకోకు, ఎలా అయిందో రాయి. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఎందుకు బాగుచేయలేదో కూడా. ఒకరు విశాఖలో, ఒకరు భువనేశ్వర్‌లో ఉంటే గడ్డి కోయించేదెవరు?

సరిహద్దు గురించి ఒక పేరా పెట్టావు, బాగానే ఉంది గాని బడి పాఠంలా ఉంది. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసింది, జమీందారీ గ్రామాలు చాలా అటు మద్రాసు వైపే ఉండిపోయాయి. ఇది అందరికీ తెలుసు. మీ మామ్మ పుట్టిల్లు సరిహద్దుకు అవతల పాతపట్నం వైపు అన్నావు కదా. కాపురానికి వచ్చినప్పుడు అంటు మొక్క ఏదైనా తెచ్చుకుందా? అక్కడివాళ్ళకు ఇక్కడి కాయ పంపేదా? ఆ ఒక్క చెట్టు చాలు, తేదీలు తీసెయ్యి.

ఆఖరున, వాటాల తగాదా రాస్తే చిన్నాన్న బాధపడతారని అడిగావు. ముందు మొత్తం రాసెయ్యి. అచ్చుకు పంపే ముందు మీ అమ్మగారికి చదివి వినిపించు, చిన్నాన్నకీ ఒక ప్రతి ఇవ్వు. సర్వే నంబర్లు, ఎవరు ఎంత అడిగారన్న లెక్కలు తీసేయమంటే తీసెయ్యి. తగాదా మొత్తం ఎత్తేయమంటే ఒప్పుకోకు. అది లేకపోతే గేటుకు ఆ తాళం ఎందుకుందో, నువ్వు గోడ దూకి ఎందుకు వెళ్ళావో చదివేవాడికి అర్థం కాదు.

ఉంటాను. కొత్త ప్రతికి పేజీ నంబర్లు వెయ్యి.