అమోనియా వేశాక వెంటనే కొలువు

అనంతపురం

చి. శైలజకు మామ ఆశీస్సులు.

కడప యోగి వేమన యూనివర్సిటీలో ప్రాజెక్టుకు రోడోస్పిరిల్లమ్ రూబ్రమ్ అనే, వెలుతురుతో బతుకుతూ గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చే బ్యాక్టీరియాను తీసుకున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషమైంది.

ఒక నత్రజని అణువును అమోనియాగా మార్చాలంటే కనీసం 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చు. అమోనియా ఊరికే దొరికితే ఆ ఖర్చు ఈ బ్యాక్టీరియా పెట్టదు. ఆపడం రెండు రకాలు: ఈ మార్పు చేసే ఎంజైము, అంటే నైట్రోజినేజ్, కొత్తగా తయారవడం ఆగడం ఒకటి, ఉన్న ఎంజైముకే తాళం పడడం రెండోది. ఆ తాళం ఇలా పడుతుంది: డ్రాట్ అనే ఎంజైము నైట్రోజినేజ్‌లో భాగమైన ఐరన్ ప్రోటీన్‌లోని 101వ అమైనో ఆమ్లం ఆర్జినైన్‌కు ఏడీపీ-రైబోజ్ అనే చిన్న అణువును తగిలిస్తుంది, డ్రాగ్ అనే ఇంకో ఎంజైము దాన్ని ఊడదీస్తుంది. మర్నాడు పొద్దున కొలిస్తే ఈ రెండింట్లో ఏది జరిగిందో నువ్వు చెప్పలేవు. అమోనియం క్లోరైడ్ వేసిన నిమిషం నుంచే వరసగా ఎసిటిలీన్ పరీక్ష చెయ్యి; నైట్రోజినేజ్ పనిచేస్తుంటే ఎసిటిలీన్ గ్యాసు ఇథిలీన్‌గా మారుతుంది. వేసేది కొంచెమే వెయ్యి. కణాలు దాన్ని వాడేసుకున్నాక ఇథిలీన్ మళ్లీ పెరగాలి. అలా పెరిగితేనే ఎంజైము ఆగి లేచిందని నమ్ముతారు, లేకుంటే కల్చర్ చచ్చిందేమో అంటారు. అంతే గాఢతలో సోడియం క్లోరైడ్ వేసిన సీసా ఒకటి పక్కన తప్పకుండా ఉండాలి.

పెంచేటప్పుడు నత్రజనికి గ్లూటమేట్ ఇవ్వు. అమోనియాలో పెంచితే అసలు ఎంజైమే ఉండదు.

వెలుతురు దగ్గర మరీ జాగ్రత్త. తెల్ల ఎల్‌ఈడీ వద్దు, పాత ఫిలమెంట్ బల్బే పెట్టు. ఈ జీవి బాగా పీల్చుకునేది 880 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతిని, ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. కడప ఎండలకు బల్బు వేడి కూడా తోడవుతుంది కాబట్టి మధ్యలో నీళ్ల తొట్టి పెట్టి 30 డిగ్రీలు దాటనివ్వకు. చీకటి పడినా ఇదే తాళం పడుతుంది. అందుకే సీసాను వెలుతుర్లోంచి తియ్యకుండానే సిరంజితో గ్యాసు లాగు. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను బ్యాండులుగా విడదీసి చూసే పరీక్ష) కోసమైతే కల్చర్‌ను తీసింది తీసినట్టే ట్రైక్లోరోఎసిటిక్ ఆసిడ్‌లో వేసెయ్యి. సెంట్రిఫ్యూజ్ దాకా మోసుకెళ్లే లోపే మార్పు జరిగిపోతుంది. ఎంజైము పనిచేస్తుంటే ఒక బ్యాండు, ఆగితే దానిపైనే ఇంకోటి కనిపిస్తుంది. ఆ రెండో బ్యాండు చూస్తే ఎంత ఆనందమో!

చెనిక్కాయ చేన్లో యూరియా ఎక్కువైతే వేరుబుడిపెలు తగ్గేది మీ నాయనకు బాగా తెలుసు. కానీ అక్కడి బ్యాక్టీరియా వేరు, ఆగే దారీ వేరు. రిపోర్టులో దాన్ని దీనితో కలపొద్దు.

మొదటి గ్రాఫు రాగానే నాకు పంపు. అమోనియా వెయ్యకముందు తీసిన రీడింగులు కూడా అందులో ఉండాలి.

మీ మామ