పాప నర్సింగ్ సీటుకి అడ్వాన్స్ కట్టే ముందు ఆ కాలేజీ హాస్పిటల్ చూసి రండి

సిద్దిపేట వైపు నుంచి ఒక అమ్మ రాశారు. పాప ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది, నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. హైదరాబాద్ శివార్లలో ఒక హెల్త్ సైన్సెస్ కాలేజీ, అక్కడే ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ కూడా ఉన్నాయంట. వారంలోపు 50 వేలు కడితే మేనేజ్‌మెంట్ సీటు ఆపుతాం, 100 శాతం ప్లేస్‌మెంట్, తర్వాత జర్మనీ అన్నారంట. క్లాస్‌రూములు, హాస్టల్, బస్సు అన్నీ చూసొచ్చాం, బాగున్నాయి, కట్టేయమంటారా సార్ అని అడిగారు.

అమ్మా, ఇప్పుడే కట్టకండి. ఆ కాలేజీ మంచిది కాదని నేను అనట్లేదు, మీరు చూసొచ్చినవాటిల్లో అసలైనది లేదు అంటున్నా. హాస్పిటల్ చూశారా? పాప నాలుగేళ్ళు నేర్చుకునేది ఎక్కువగా అక్కడే, ఇంజెక్షన్ చెయ్యడం, సెలైన్ ఎక్కించడానికి నరంలో క్యాన్యులా పెట్టడం, డ్రెస్సింగ్, ఆపరేషన్ అయి బయటికొచ్చిన మనిషిని గంటగంటకీ కనిపెట్టుకుని ఉండడం, ఇవేవీ ఏసీ రూములో బొమ్మ మీద పూర్తిగా రావు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం కాలేజీకి కనీసం 100 పడకల సొంత హాస్పిటల్ ఉండాలి, దాన్నే పేరెంట్ హాస్పిటల్ అంటారు, ఒక్కో స్టూడెంట్‌కి ముగ్గురు పేషెంట్లు ఉండాలి. మీరే లెక్కేసి చూడండి, 60 సీట్లంటే నాలుగు సంవత్సరాలవాళ్ళూ కలిపి 240 మంది, అందులో సగం మంది పోస్టింగ్‌లో, అంటే హాస్పిటల్ వార్డుల్లో పని నేర్చుకుంటూ ఉన్నా 360 మంది పేషెంట్లు కావాలి, 100 పడకలు ఏ మూలకి? అందుకే కాలేజీలు వేరే హాస్పిటల్స్‌తో కూడా ఒప్పందం పెట్టుకుంటాయి, అందులో తప్పేం లేదు, కానీ అవి ఏ హాస్పిటల్స్, ఎంత దూరం, లేబర్ రూమ్‌కీ పిల్లల వార్డుకీ సైకియాట్రీకీ ఎక్కడికి పంపుతారు అని పేరుపేరునా అడగండి. నసిగితే అనుమానించాల్సిందే.

కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి బతిమాలితే ఆయనతో పాటు నేనూ ఒక కాలేజీకి వెళ్ళా, పేరు చెప్పను. హాస్పిటల్ బోర్డు పెద్దది, పైన మూడు వార్డులు. పరుపుల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదమ్మా. సెలైన్ స్టాండ్లన్నీ గోడకి వరసగా ఆనించి ఉన్నాయి, మంచం పక్కన ఒక్కటి లేదు. ఆయన ఆ కవరు మీద చెయ్యి పెట్టి చూసి ఏమీ మాట్లాడకుండా కిందకి దిగిపోయాడు. ఆ మధ్యాహ్నమే ఒక ప్రభుత్వ హాస్పిటల్‌కి తీసుకెళ్ళా, అక్కడ సెకండియర్ అమ్మాయి జేబులో చిన్న నోట్‌బుక్, ఏ బెడ్‌కి ఎన్నింటికి ఏ యాంటీబయాటిక్, బీపీ ఎంత, అన్నీ తన చేత్తో రాసుకుంది, గోడలకి పెచ్చులూడిపోయి ఉన్నాయి కానీ ఆ పిల్లకి పని వచ్చు. అందుకే పాపకి గాంధీ, ఉస్మానియా లాంటి హాస్పిటల్‌లో గానీ జిల్లా జనరల్ హాస్పిటల్‌లో గానీ పోస్టింగ్ దొరికే గవర్నమెంట్ సీటు వస్తే నేను కళ్ళు మూసుకుని అదే తీసుకోమంటా. వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కన్వీనర్ కోటాకి అప్లై చేశారో లేదో మీరు రాయలేదు, చెయ్యకపోతే ముందు నోటిఫికేషన్ చూడండి, ఒక రౌండ్‌లో రాలేదని వదిలెయ్యకండి.

కాగితాల సంగతి. హెల్త్ సైన్సెస్ అని బోర్డు ఉన్నంత మాత్రాన అన్ని కోర్సులకీ పర్మిషన్ ఉన్నట్టు కాదు, ఫిజియోథెరపీకి ఉన్నది నర్సింగ్‌కి పనికిరాదు. నర్సింగ్‌కి యూనివర్సిటీ అఫిలియేషన్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు రెండూ ఈ సంవత్సరానివి చూపించమనండి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లిస్టులో కూడా పేరు వెతకండి. కోర్సు అయ్యాక కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్‌గా నమోదు కాకపోతే ఆ డిగ్రీతో నర్సుగా పని చెయ్యడం కుదరదు. ఎవరైనా "క్లాసులకి రాకపోయినా పర్లేదు, మేం చూసుకుంటాం" అంటే అక్కడి నుంచి వచ్చెయ్యండి, పరీక్ష రాయాలంటేనే 80 శాతం హాజరు ఉండాలి, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగ్స్ 100 శాతం పూర్తి చెయ్యాలి.

ఇక జర్మనీ. కాలేజీ పంపిస్తే వెళ్ళేది కాదది, జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే ధారాళంగా మాట్లాడేంత రావాలి, అది పాప కష్టపడి నేర్చుకోవాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఆ ట్రైనింగ్ ఇస్తోంది, దానికోసం మేనేజ్‌మెంట్ సీటే అక్కర్లేదు. అమెరికాకైతే నర్సు లైసెన్స్ కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి, గల్ఫ్‌లో చాలాచోట్ల రెండేళ్ళ అనుభవం అడుగుతారు. ఎక్కడికెళ్ళినా ఏ సబ్జెక్టులో ఎన్ని గంటలు థియరీ, ఎన్ని గంటలు క్లినికల్ అని ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు, పోస్టింగ్స్ సరిగా లేని కాలేజీ పిల్లలు ఇబ్బంది పడేది అక్కడే.

ఇక్కడే ఉండాలనుకున్నా దారి ఉంది. ఎయిమ్స్ వాళ్ళ నార్‌సెట్ పరీక్ష రాస్తే నర్సింగ్ ఆఫీసర్ పోస్టు, బేసిక్ 44,900తో మొదలు, బీఎస్సీ వాళ్ళని అనుభవం అడగరు, అదే జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా అయితే రెండేళ్ళ అనుభవం కావాలి. బీబీనగర్‌లో, మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి, మనకి మరీ దూరం కూడా కాదు. ప్రైవేట్‌లో మాత్రం మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, ఈ సంగతి పాపకి ముందే చెప్పండి. ప్లేస్‌మెంట్ అంటే ఏ హాస్పిటల్‌లో, ఎంత జీతానికి అని అడగండి, పోయినేడు పాసైన ఇద్దరు అమ్మాయిల నంబర్లు ఇమ్మనండి, వాళ్ళతో పాపనే మాట్లాడనివ్వండి.

ఫీజు ఒక్క ఏడాదిది కాదు, నాలుగేళ్ళకి హాస్టల్, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఒరిజినల్స్ ఇస్తారా, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కిస్తారా, అది కూడా అందులోనే రాయమనండి. మీ చుట్టాలు నర్సా అని ముఖం చిట్లించారని చివర్లో రాశారు, మీకు అది బాధనిపించిందని అర్థమైంది, కానీ పాప తనంతట తాను ఇదే చదువుతానంది కదమ్మా, ఆ మాట పట్టుకోండి.

శనివారం వీలైతే పాపని తీసుకుని పొద్దున 8 కల్లా ఆ హాస్పిటల్‌కి వెళ్ళండి, ముందుగా ఫోన్ చెయ్యకండి. జనరల్ వార్డు ఎక్కడని అడిగి ఎన్ని మంచాల మీద పేషెంట్లు ఉన్నారో లెక్కపెట్టండి, స్టూడెంట్స్ పక్కన ట్యూటర్ నిలబడి నేర్పిస్తున్నారా లేక పిల్లలే ఫైళ్ళు మోస్తున్నారా చూడండి. చూసినదంతా నాకు రాయండి, అడ్వాన్స్ సంగతి అప్పుడు చూద్దాం.